సాక్ష్యానికి హద్దులు: టెరీ షైవో కేసులో వైద్య నిర్ధారణను క్రైస్తవులు వాడుకొన్న తీరుపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

న్యాయస్థానంలో ప్రవేశపెట్టే ఆధారానికీ, విశ్వాసి సంఘంలో నిలబడి చెప్పే మాటకూ తెలుగులో ఒకే పదం వాడుతున్నాం: సాక్ష్యం. మెదడు తీవ్రంగా దెబ్బతిని, తన మాట తాను చెప్పుకోలేని రోగి మంచం దగ్గర ఈ రెండు అర్థాలూ కలిసిపోతాయి. వైద్యుడు చెప్పేది ఒక సాక్ష్యం. ఏళ్ల తరబడి పక్కన కూర్చున్న తల్లి చెప్పేది మరొక సాక్ష్యం. ఈ రెండూ విభేదించినప్పుడు కుటుంబం సంఘ కాపరివైపు చూస్తుంది. అప్పుడు కాపరి ఏమి చేయాలి?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1990 నుండి 2005 వరకు సాగిన టెరీ షైవో ఉదంతం ఈ ప్రశ్నను ప్రపంచమంతటా లేవనెత్తింది. దాని గురించి క్రైస్తవ పక్షాన చాలా రాశారు, చాలా మాట్లాడారు. అందులో అధిక భాగం ‘ఆహారపు గొట్టం తీయవచ్చునా, తీయకూడదా’ అనే చర్చే. ఈ వ్యాసం ఆ చర్చను మళ్లీ తెరవడం కోసం కాదు. వైద్య సాక్ష్యాన్ని ఉభయ పక్షాలూ ఏ విధంగా వాడుకొన్నాయో విమర్శనాత్మకంగా పరిశీలించడమే దీని ఉద్దేశం. మన వాదం ఇది: వైద్య సాక్ష్యం రోగి స్థితిని గూర్చి చెబుతుంది, రోగి విలువను గూర్చి చెప్పదు. ఈ హద్దును మరచినవారు మొదట వేదాంతాన్ని, ఆ తర్వాత సత్యాన్ని కూడా పోగొట్టుకొంటారు.

1. కేసు పూర్వాపరాలు

1990 ఫిబ్రవరి 25న 26 ఏళ్ల టెరీ షైవో తన ఇంట్లో హఠాత్తుగా కుప్పకూలింది. గుండె ఆగిపోవడం వల్ల మెదడుకు ప్రాణవాయువు అందలేదు. ప్రాణం నిలిచింది గాని స్పృహ తిరిగి రాలేదు. కళ్లు తెరిచేది, నిద్రపోయి మేల్కొనేది, శ్వాస తనంతట తానే తీసుకొనేది. ఆహారం మాత్రం పొట్టలోకి అమర్చిన గొట్టం ద్వారానే అందేది. వైద్యులు దీనిని ‘పెర్సిస్టెంట్ వెజిటేటివ్ స్టేట్’ అన్నారు. 1972లో జెన్నెట్, ప్లమ్ అనే ఇద్దరు వైద్యులు ప్రతిపాదించిన పేరు ఇది. మెలకువ ఉంటుంది, కాని తననుగాని పరిసరాలనుగాని ఎరిగిన గుర్తు కనబడదు.

1998లో భర్త మైకేల్, గొట్టం తీయడానికి అనుమతి కోరుతూ కోర్టుకు వెళ్లాడు. ఇలాంటి స్థితిలో బ్రతకడం ఇష్టం లేదని టెరీ లోగడ అన్నదని ఆయన వాదన. తల్లిదండ్రులైన షిండ్లర్ దంపతులు దీనిని వ్యతిరేకించారు. వారు రోమన్ కథోలికులు. 2000లో జడ్జి జార్జ్ గ్రీర్ భర్త పక్షాన తీర్పు చెప్పారు. 2001లో గొట్టం తీశారు, రెండు రోజులకు తిరిగి పెట్టారు. 2003లో మరల తీశారు. రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టం చేయడంతో ఆరు రోజులకు మరల పెట్టారు. ఆ చట్టాన్ని 2004లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2005 మార్చి 18న మూడవసారి గొట్టం తీశారు. మట్టల ఆదివారం నాడు అమెరికా కాంగ్రెస్ అత్యవసరంగా సమావేశమై చట్టం చేసినా ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోలేదు. మార్చి 31న టెరీ మరణించింది.

ఈ వ్యాజ్యంలో వైద్య నిర్ధారణకు అంత ప్రాముఖ్యం రావడానికి కారణం ఉంది. టెరీ వ్రాతపూర్వకంగా ఏమీ చెప్పలేదు. అట్టి వ్యక్తి విషయంలో గొట్టం తీయాలంటే ఆమెది వెజిటేటివ్ స్థితి అని రుజువు కావడం ఫ్లోరిడా చట్టం ప్రకారం కీలకం. కాబట్టి తల్లిదండ్రుల న్యాయవాదులు ఆ నిర్ధారణనే ఎదిరించారు. న్యాయవాదులు అలా చేయడంలో తప్పు లేదు. అయితే సంఘం కూడా అదే ధోరణిలో వాదించవలసిన అవసరం ఉన్నదా అన్నదే మన ప్రశ్న.

2. ఐదుగురు వైద్యులు, ఒక వీడియో

2002 అక్టోబరులో ఐదుగురు వైద్యులు కోర్టులో సాక్ష్యమిచ్చారు. భర్త ఎంచుకొన్నవారు ఇద్దరు, తల్లిదండ్రులు ఎంచుకొన్నవారు ఇద్దరు, కోర్టు నియమించినవారు ఒకరు. మొదటి ఇద్దరూ, కోర్టు వైద్యుడూ వెజిటేటివ్ స్థితి అన్నారు. తల్లిదండ్రుల పక్షాన వచ్చిన ఇద్దరు కాదన్నారు, చికిత్సతో మెరుగుపడే అవకాశం ఉందన్నారు.

పరీక్షలను వీడియో తీశారు. గంటల నిడివి గల ఆ చిత్రంలో నుండి కొద్ది నిమిషాల దృశ్యాలు లోకమంతా చూసింది. తల్లి ముఖం దగ్గరకు వచ్చినప్పుడు టెరీ నవ్వినట్లు, కదిలే బెలూను వెంట చూపు తిప్పినట్లు అందులో కనబడుతుంది. చూచినవారి హృదయం కరగడం సహజం. కాని జడ్జి గ్రీర్ పూర్తి చిత్రాన్ని చూశారు. తల్లిదండ్రుల పక్షాన వచ్చిన ఒక వైద్యుడు ఆమెకు 105 ఆజ్ఞలు ఇచ్చాడనీ, 61 ప్రశ్నలు అడిగాడనీ తానే లెక్కపెట్టి తీర్పులో రాశారు. వాటికి స్పందనగా ఎంచదగినవి బహు కొద్ది అని తేల్చారు. వెజిటేటివ్ స్థితిలో ఉన్నవారికి కూడా కనుపాపలు కదులుతాయి, ముఖకవళికలు మారుతాయి, శబ్దాలు వస్తాయి. అవి పిలుపుకు జవాబుగా, క్రమంగా, మళ్లీ మళ్లీ వస్తున్నాయా అన్నదే పరీక్ష.

ఇక్కడ క్రైస్తవ పక్షాన జరిగిన పొరపాటును సూటిగా చెప్పాలి. ప్రాణాన్ని కాపాడాలనే ఉద్దేశం మంచిదే. కాని ఆ ఉద్దేశంతో అనేకమంది బోధకులు, ప్రచారకులు ఏరి కూర్చిన కొద్ది దృశ్యాలనే పూర్తి సాక్ష్యంగా ప్రజల ముందు పెట్టారు. స్వయంగా గుండె శస్త్రవైద్యుడైన సెనేటర్ బిల్ ఫ్రిస్ట్, రోగిని పరీక్షించకుండా, వీడియో చూచి, ఆమె దృశ్యాలకు స్పందిస్తున్నట్లుందని సెనేట్‌లో మాట్లాడారు. తర్వాత పోస్టుమార్టంలో, మెదడులో చూపుకు సంబంధించిన భాగం నశించినందున ఆమెకు చూపు లేదని తేలింది.

పొరుగువాని విషయమై అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించే ఆజ్ఞ (నిర్గమకాండము 20:16) మన పక్షానికి మేలు చేసే అబద్ధానికి మినహాయింపు ఇవ్వదు. కావాలని అబద్ధమాడారని మనం అనడం లేదు. తమకు కావలసిన భాగాన్ని మాత్రమే చూశారు, చూపించారు. మొదట మాట్లాడినవాని వాదం, ఎదుటివాడు వచ్చి పరిశోధించేవరకే న్యాయంగా తోస్తుందని సామెతలు 18:17 హెచ్చరిస్తుంది. గంటల చిత్రాన్ని నిమిషాలకు కుదించినవారు ఆ పరిశోధనకు తావు లేకుండా చేశారు.

అంతకన్న లోతైన నష్టం వేదాంతపరమైనది. ‘ఆమె నవ్వుతున్నది, కాబట్టి బ్రతకనివ్వండి’ అన్నవారు, తెలియకుండానే, ‘నవ్వకపోతే బ్రతకనివ్వనక్కరలేదు’ అనే ముగింపుకు ద్వారం తెరిచారు. ఎదిరించవలసిన సూత్రాన్నే అంగీకరించి, వాస్తవం మీద మాత్రమే పోరాడారు. ఆ వాస్తవం నిలబడనప్పుడు వారి వాదమంతా కూలినట్లు లోకానికి కనబడింది.

3. పోస్టుమార్టం చెప్పినది, చెప్పనిది

2005 జూన్‌లో వెలువడిన పోస్టుమార్టం నివేదిక ప్రకారం టెరీ మెదడు బరువు 615 గ్రాములు. ఉండవలసిన బరువులో అది సుమారు సగం. ఆ నష్టాన్ని ఏ చికిత్సా పూడ్చలేదని వైద్యాధికారి జాన్ థాగ్‌మార్టిన్ చెప్పారు. నోటి ద్వారా బ్రతకడానికి చాలినంత ఆహారం ఆమె తీసుకోగలిగేది కాదని కూడా తేలింది. భర్త హింసించాడన్న ఆరోపణకు ఆధారం దొరకలేదు. అదే సమయంలో, భోజన సంబంధమైన రుగ్మత వల్ల కుప్పకూలిందని భర్త పక్షం లోగడ నిలిపిన కారణం కూడా రుజువు కాలేదు. మొదటి పతనానికి మూలకారణం తేలకుండానే మిగిలింది.

ఈ నివేదిక రాగానే రెండవ పక్షం విజయగర్వంతో మాట్లాడింది. ‘లోపల ఎవరూ లేరని రుజువైంది’ అన్నారు. ఉదారవాద వేదాంతులలో కొందరి ధోరణి కూడా ఇదే. కాని నివేదిక ఆ మాట అనలేదు. వెజిటేటివ్ స్థితి అనేది బ్రతికి ఉన్న రోగిని పరీక్షించి చేసే నిర్ధారణ. మెదడులో కనబడిన నష్టం ఆ నిర్ధారణకు అనుగుణంగా ఉన్నదే గాని, చనిపోయిన మెదడును చూచి ఆ స్థితిని రుజువు చేయడం సాధ్యం కాదని మెదడు కణజాలాన్ని పరిశీలించిన నిపుణుడు జాగ్రత్తగా చెప్పారు. శాస్త్రజ్ఞుడు గీసిన గీతను ఆయన మాటను వాడుకొన్నవారు దాటారు.

615 గ్రాములు అన్నది వైద్య సమాచారం. ‘ఎవరూ లేరు’ అన్నది వైద్య సమాచారం కాదు, మనిషి అంటే ఎవరు అనే ప్రశ్నకు ఇచ్చిన జవాబు. ఆ జవాబును తూనికరాయి మీద నుండి తీయలేము. దేవుని స్వరూపము ఆలోచనాశక్తిలోనే ఉన్నదని బోధించే పాత సంప్రదాయం ఒకటి సంఘంలో ఉన్నది. ఆ సంప్రదాయాన్ని నిర్లక్ష్యంగా బోధిస్తే ఈ ముగింపుకే చేరుతుంది. ఆదికాండము 9:6లో నరహత్యను నిషేధించడానికి ఆధారంగా దేవుని స్వరూపాన్ని చూపినప్పుడు, చంపబడినవాని బుద్ధిబలాన్ని గూర్చి ఆ వచనం ఏమీ అడగదని గమనించాలి.

ఈ విషయంలో 2004 మార్చి 20న పోపు రెండవ జాన్ పాల్ చేసిన ప్రసంగం మేలైన మార్గం చూపింది. రోగనిర్ధారణలో పొరపాట్లు జరుగుతున్నాయని ఆయన ప్రస్తావించారు గాని, తన వాదాన్ని వాటి మీద కట్టలేదు. స్థితి ఏదైనా మనిషి విలువ మారదన్నారు. గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం, నీరు సూత్రప్రాయంగా సాధారణ సంరక్షణే అన్నారు. రోగి శరీరం ఆహారాన్ని స్వీకరించలేని సందర్భం వంటి మినహాయింపులను 2007లో వాటికన్ వివరించింది. గొట్టం సంరక్షణా, చికిత్సా అనే విషయంలో ప్రొటెస్టెంటు వేదాంతులందరూ ఆయనతో ఏకీభవించరు. ఆ భేదాభిప్రాయం న్యాయమైనదే. కాని చర్చను స్కానింగ్ చిత్రం మీద నుండి సరైన ప్రశ్న మీదికి మార్చిన ఘనత ఆ ప్రసంగానికి దక్కుతుంది.

4. తర్వాతి పరిశోధనలు

వైద్య సాక్ష్యం స్థిరంగా ఉండదు. స్వల్పంగానైనా, ఆగి ఆగి అయినా ఎరుక కనబరిచే రోగులను వేరుచేసి ‘మినిమల్లీ కాన్షస్ స్టేట్’ అనే పేరును 2002లో నిర్వచించారు. 1996లో ఇంగ్లండులో జరిగిన ఒక అధ్యయనంలో వెజిటేటివ్ స్థితి అని పంపబడిన 40 మందిలో 17 మందికి ఆ నిర్ధారణ తప్పని తేలింది. వారిలో ఎక్కువమంది చూపు లేనివారు లేక చూపు బాగా దెబ్బతిన్నవారు. కంటిచూపును బట్టి ఎరుకను పరీక్షించినవారు అక్కడే పొరబడ్డారు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, వెజిటేటివ్ స్థితిలో ఉన్నదనుకొన్న ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకోమని చెప్పగా, ఆమె మెదడు స్కానింగులో ఆరోగ్యవంతుల మాదిరి చురుకుదనం కనబడింది. 2024లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, పైకి ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మందిలో 60 మంది మెదడులు లోలోపల స్పందించాయి.

ఇవి చదివి ‘చూశారా, టెరీ విషయంలో మేము చెప్పినదే నిజం’ అనడం మరల అదే తప్పు. ఓవెన్ పరీక్షించిన యువతి మెదడుకు రోడ్డు ప్రమాదంలో గాయమైంది. టెరీది ప్రాణవాయువు అందక మెదడంతా క్షీణించిన స్థితి. ఒక రోగి సాక్ష్యాన్ని మరొక రోగికి అంటగట్టలేము. మరొక సంగతి కూడా గమనించాలి. అదే 2024 అధ్యయనంలో, పైకి స్పష్టంగా స్పందించగలిగిన 112 మందిలో 43 మంది మాత్రమే స్కానింగు, ఇ.ఇ.జి. పరీక్షలలో స్పందించినట్లు కనబడింది. అంటే యంత్రం మౌనంగా ఉండటం లోపల మౌనమే ఉన్నదనడానికి రుజువు కాదు.

ఇట్టి కారణాల వల్లనే 2018లో అమెరికన్ నాడీవైద్యుల సంస్థ తన మార్గదర్శక సూత్రాలలో ‘శాశ్వత’ వెజిటేటివ్ స్థితి అనే మాటను విడిచి ‘దీర్ఘకాలిక’ అనే మాటను చేపట్టింది. ఒక్కసారి చూచి తీర్మానించక, ప్రామాణిక పద్ధతిలో పలుమార్లు పరీక్షించాలని కూడా చెప్పింది. ఈ వినయం నుండి పులిపీఠం నేర్చుకోవలసినది ఉన్నది.

5. లేఖనాలలో ఒక సాక్షి

ఈ అంశానికి చాలా దగ్గరగా ఉన్నా మనం అరుదుగా ప్రస్తావించే వాక్యభాగం 2 సమూయేలు 1వ అధ్యాయం. సౌలు మరణవార్తను ఒక అమాలేకీయుడు దావీదు దగ్గరకు తెస్తాడు. పడిపోయిన సౌలు ఇక బ్రతకడని తనకు నిశ్చయమైనందున, ఆయన కోరికపైనే తాను చంపానని చెబుతాడు. మన కాలపు మాటల్లో చెప్పాలంటే అతడు మూడు ఆధారాలు చూపుతున్నాడు: కోలుకొనే ఆశ లేదు, తీవ్ర బాధ ఉన్నది, రోగి సమ్మతి ఉన్నది. కాని 1 సమూయేలు 31వ అధ్యాయంలో సౌలు తన కత్తిమీద తానే పడి మరణించినట్లు ఉన్నది. ఈ రెండు కథనాల భేదాన్ని వ్యాఖ్యాతలు పలు విధాల వివరించారు. బహుమానం ఆశించి అమాలేకీయుడు కల్పించాడని చాలామంది అభిప్రాయం. కిరీటాన్ని, కంకణాన్ని వెంట తేవడం దానికి సూచన.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, మరణశయ్య దగ్గర చెప్పే సాక్ష్యం వెనుక చెప్పేవాని లాభం ఉండవచ్చు. ఆ లాభం ధనమే కానక్కరలేదు. తన వాదం గెలవాలన్న ఆశ, ఖర్చు తగ్గాలన్న కోరిక, బిడ్డను విడువలేని ప్రేమ కూడా చూపును వంచగలవు. రెండవది, దావీదు విలపించిన తీరు. సౌలు బ్రతకగలిగేవాడా లేదా అన్నదాన్ని బట్టి ఆయన సౌలు విలువను కొలవలేదు. పడిపోయి ఆశ లేని స్థితిలోనూ సౌలు దావీదుకు అభిషిక్తుడే.

దీని పక్కన 1 సమూయేలు 1వ అధ్యాయంలోని ఏలీని నిలుపుదాం. హన్నా పెదవులు కదలడం, స్వరం వినబడకపోవడం ఆయన చూశాడు. చూసినది నిజమే, చేసిన నిర్ధారణ తప్పు. కాని ఆమె జవాబు విన్న తర్వాత తన మాట మార్చుకొని ఆశీర్వదించాడు. మన రోగులు హన్నాలాగా జవాబు చెప్పలేరు. కాబట్టి మనం మరింత ఆలస్యంగా, మరింత జాగ్రత్తగా నిర్ధారణకు రావాలి.

6. మన దేశంలో

1973 నవంబరులో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు అరుణా షాన్‌బాగ్‌పై క్రూరమైన దాడి జరిగింది. గొలుసుతో మెడ బిగించడం వల్ల మెదడు దెబ్బతిన్నది. పింకీ విరానీ వేసిన పిటిషనుపై 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడ కూడా సాక్ష్యాలు భిన్నంగానే ఉన్నాయి. జీవచ్ఛవమని పిటిషను వర్ణించింది. ముఖకవళికలతో, శబ్దాలతో స్పందిస్తుందని ఆసుపత్రివారు చెప్పారు. కోర్టు నియమించిన ముగ్గురు వైద్యులు, ఆమెది కోమా కాదనీ బ్రెయిన్ డెత్ కాదనీ, వెజిటేటివ్ స్థితి లక్షణాలలో ఎక్కువ భాగం ఉన్నాయనీ నివేదించారు. కోర్టు పిటిషనును తిరస్కరించింది. అన్ని సంవత్సరాలు సేవ చేసిన నర్సులు, వైద్యులే ఆమె పక్షాన మాట్లాడదగినవారని భావించింది. ఆమె 2015 మే 18న న్యుమోనియాతో మరణించింది. ఆ నర్సులు ఆమె స్పందనను గూర్చి ఎక్కువ చెప్పి ఉండవచ్చు, తక్కువ చెప్పి ఉండవచ్చు. కాని వారు ఆమెను చూచుకొన్నది ఆమె స్పందించినందుకు కాదు. టెరీ విషయంలో క్రైస్తవ పక్షం చెప్పలేకపోయిన మాటను వారు చేతలతో చెప్పారు.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ముందస్తు వైద్య ఆదేశాన్నీ, కోలుకోలేని రోగికి చికిత్స ఉపసంహరణనూ అనుమతిస్తూ నిబంధనలు విధించింది. 2023 జనవరిలో వాటిని సరళం చేసింది. ఆసుపత్రిలో ఒక ప్రాథమిక వైద్య బోర్డు, దాని అభిప్రాయాన్ని సరిచూడడానికి మరొక ద్వితీయ బోర్డు ఉండాలి. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద విషయం స్థిరపడాలన్న ద్వితీయోపదేశకాండము 19:15 సూత్రానికి ఇది దూరం కాదు.

7. కాపరి చేయదగినవి

మొదటిగా, పదాలను కలగలపకూడదు. కోమా, వెజిటేటివ్ స్థితి, బ్రెయిన్ డెత్ మూడూ వేరు. బ్రెయిన్ డెత్ మన చట్టం ప్రకారం మరణమే. నలుగురు వైద్యుల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తుంది. కళ్లు తెరుస్తూ స్వయంగా శ్వాసిస్తున్న రోగిని ‘బ్రెయిన్ డెడ్’ అనడం అబద్ధ సాక్ష్యం. బ్రెయిన్ డెత్ ధ్రువపడిన వ్యక్తి లేస్తాడని కుటుంబానికి మాట ఇవ్వడం కూడా అంతే.

రెండవదిగా, కుటుంబం చూసినదాన్ని కొట్టివేయకూడదు, యథాతథంగా ప్రకటించనూ కూడదు. ఏ వేళ, ఏ పిలుపుకు, ఎన్నిసార్లు చేయి కదిలిందో రాసి ఉంచి వైద్యునికి చూపమనాలి. కుటుంబం సాక్ష్యం వైద్య సాక్ష్యానికి శత్రువు కాదు, దానిలో భాగం.

మూడవదిగా, వైద్యుని సరైన ప్రశ్న అడగాలి. ‘లోపల మనిషి ఉన్నాడా?’ అన్నది ఆయన జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు. ‘ఈ చికిత్స ఈయనకు ఏమి చేస్తుంది? ఏ బాధ కలిగిస్తుంది? ఎంత నిశ్చయంతో చెప్పగలరు? ఎంతకాలం ఆగి మరల పరీక్షిస్తారు?’ అన్నవి చెప్పగలిగేవి. చికిత్స నిష్ఫలమైనప్పుడు దానిని ఆపడం రోగిని విలువలేనివాడని తీర్మానించడం కాదు. కొనసాగించడం ఒక్కటే విశ్వాసానికి గుర్తూ కాదు.

ముగింపు

టెరీ షైవో కేసులో ఒక పక్షం, ఆమె విలువను కాపాడడానికి ఆమె స్థితిని ఉన్నదానికన్న మెరుగుగా చూపింది. మరొక పక్షం, ఆమె స్థితిని చూపి ఆమె విలువను ఉన్నదానికన్న తగ్గించింది. రెండు పొరపాట్లకూ వేరు ఒకటే: విలువ స్థితిమీద ఆధారపడుతుందన్న నమ్మకం. ఆ నమ్మకం లేనివాడు ఏ స్కానింగు నివేదికకూ భయపడనక్కరలేదు. ‘వైద్యులు చెప్పినదంతా నిజమే కావచ్చు, అయినా ఈమె మన సహోదరి’ అని చెప్పగల సంఘమే నిజమైన వైద్య సాక్ష్యాన్ని నిర్భయంగా వినగలదు. ఆ మాట చెప్పిన తర్వాతనే గొట్టాన్ని గూర్చి, వెంటిలేటరును గూర్చి సత్యంగా, ప్రేమతో చర్చించడానికి మనకు అర్హత కలుగుతుంది.